పిన్ను మారితే చాలా, వోల్టేజీ కూడా మారాలా? విదేశాలకు పట్టుకెళ్లే ఛార్జర్ల సంగతి

నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా, ఒంగోలు కర్నూలు రోడ్డులోనైనా, విదేశీ చదువులకు పిల్లలు బయల్దేరే రోజుల్లో ఎలక్ట్రికల్ షాపుల్లో ఒక మాట వినబడుతూనే ఉంటుంది: "అన్నా, అమెరికా పిన్ను ఉందా?" షాపతను అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దగా ఉండే తెల్ల ముక్క ఒకటి తీసి చేతిలో పెడతాడు. ముందువైపు రెండు బల్లపరుపు రేకులు, వెనకవైపు మన గుండ్రటి పిన్నులు దూరే రంధ్రాలు. అది చేతిలోకి రాగానే పక్కనున్న తల్లో తండ్రో రెండో ప్రశ్న వేస్తారు: "అక్కడ కరెంటు 110 అంట కదా, దీంతో పెడితే ఛార్జర్ కాలిపోదా?"

ఈ రెండు ప్రశ్నల్ని కలిపేసి ఒకటిగా చూడడంతోనే సగం గందరగోళం వస్తోంది. ప్లగ్గు ఆకారం ఒక సమస్య, వోల్టేజీ ఇంకో సమస్య. మొదటిది దాదాపు ప్రతి దేశంలో ఎదురవుతుంది, కొద్దిపాటి ఖర్చుతో తీరిపోతుంది. రెండోది ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లకు దాదాపు లేదనే చెప్పాలి. మిక్సీకి, గ్రైండరుకి, ఇస్త్రీ పెట్టెకి, ఆయాసం మందుని పొగలా చేసి పీల్పించే నెబ్యులైజర్‌కి మాత్రం అది చాలా పెద్ద సమస్య. షాపులో కొన్న ఆ తెల్ల ముక్క, అంటే అడాప్టర్, మొదటి పని ఒక్కటే చేస్తుంది. దాన్ని విప్పి చూస్తే ఇటు నుంచి అటు కలిపే ఇత్తడి రేకులు తప్ప మరేమీ ఉండవు. వోల్టేజీని పెంచే, తగ్గించే శక్తి దానికి లేదు. అడాప్టర్ కొన్నాం కాబట్టి ఇంట్లో ఉన్న వస్తువులన్నీ అక్కడ పనిచేస్తాయని అనుకుంటేనే నష్టం జరిగేది.

ఛార్జర్ వెనక సన్నటి అక్షరాలు

ఏ ఛార్జర్‌నైనా తిప్పి చూస్తే ఒక పక్క బూడిద రంగులో, కంటికి ఆనని సైజులో నాలుగైదు వరుసలు ముద్రించి ఉంటాయి. అద్దాలు పెట్టుకున్నా కనబడకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే స్పష్టంగా తెలుస్తుంది. అందులో చూడాల్సింది ‘ఇన్‌పుట్’ అన్న వరుస. 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ (కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో చెప్పే అంకె) అని ఉంటే వోల్టేజీ గురించి ఇక టెన్షన్ పడక్కర్లేదు. ప్రపంచంలో ఇళ్ల గోడ సాకెట్లలోకి వచ్చే కరెంటు దాదాపు అంతా ఈ రెండు అంకెల మధ్యనే ఉంటుంది. అన్నిటికన్నా తక్కువ జపాన్‌లో, 100 వోల్టులు. అమెరికా, కెనడాల్లో 120. వాడుకలో 110 అని మనం చెప్పుకునేది ఈ 120నే. చైనా, దక్షిణ కొరియాల్లో 220. మన దేశంలోనూ, బ్రిటన్, ఐరోపా, ఆస్ట్రేలియా, సింగపూర్‌లలోనూ 230. కువైట్‌లో 240.

అదే వరుసలో 0.5 ఆంపియర్లనో, 1.5 ఆంపియర్లనో ఇంకో అంకె ఉంటుంది. గోడ నుంచి ఆ ఛార్జర్ గరిష్ఠంగా లాగే కరెంటు అది. వోల్టేజీ తక్కువున్న దేశంలో అదే పని చేయడానికి కరెంటు ఎక్కువ లాగాలి కాబట్టి ఆ అంకె 100 వోల్టుల దేశాన్ని కూడా దృష్టిలో పెట్టుకుని వేస్తారు. కింద ‘అవుట్‌పుట్’ వరుసలో 5 వోల్టులు 3 ఆంపియర్లు, 9 వోల్టులు 2 ఆంపియర్లు లాంటివి ఉంటాయి. ఫోన్‌లోకి వెళ్లేది ఇదే. దేశం మారినా ఈ అంకెలు మారవు. అమెరికాలో వోల్టేజీ సగమే కాబట్టి ఫోన్ కూడా నిదానంగా ఛార్జ్ అవుతుందని కొందరంటారు. అది నిజం కాదు.

ఇన్‌పుట్ దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని మాత్రమే ఉన్నా, 180-240 లాంటి ఇరుకు అంకెలున్నా ఆ వస్తువు అమెరికాకి, జపాన్‌కి పనికిరాదు. గల్ఫ్‌కో, లండన్‌కో, సింగపూర్‌కో అయితే ఇబ్బంది లేదు. చేతిలోకి తీసుకోగానే ఇటుక ముక్కలా బరువనిపించే పాత పవర్ అడాప్టర్లు ఎక్కువగా ఈ రకమే. పాత కార్డ్‌లెస్ ఫోన్లకు, సంగీతం కీబోర్డులకు, కొన్ని బీపీ మిషన్లకు ఇలాంటివి వస్తాయి. వీటిలో ఉండేది ఇనప రేకుల ట్రాన్స్‌ఫార్మర్. లోపలికి వచ్చే వోల్టేజీ సగమైతే బయటికి ఇచ్చేదీ సగమే అవుతుంది.

లో వోల్టేజీ ఊళ్లలో రోజూ కనబడేదే

230 వోల్టుల దేశంలో కొన్న ఛార్జర్ 120 దగ్గర ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి విమానం ఎక్కక్కర్లేదు. లైను చివరన ఉన్న ఊళ్లలో, పొలాల మోటార్లూ రొయ్యల చెరువుల ఏరేటర్లూ ఒక్కసారిగా తిరిగే వేళ, ఇళ్లలో కరెంటు బాగా దిగిపోవడం కోస్తా పల్లెల వాళ్లకు కొత్త కాదు. ఫ్యాను ఈడుస్తుంది. పాత ట్యూబ్‌లైటు మిణుకుమిణుకుమంటుంది గానీ వెలగదు. మిక్సీ మూలుగుతుంది. ఫోన్ మాత్రం ఎప్పటిలాగే ఛార్జింగ్ ఎక్కుతూ ఉంటుంది. దానికి కారణం ఛార్జర్ లోపల ఉంది.

గోడ నుంచి వచ్చే, దిశ మారుతూ ఊగే ఏసీ కరెంటుని ఛార్జర్ ముందుగా డయోడ్లతో ఒకే దిశలో పారే డీసీగా మార్చుకుంటుంది. 230 వోల్టుల ఏసీ అలా మారితే దాదాపు 325 వోల్టుల డీసీ అవుతుంది, 120 అయితే 170 దాకా వస్తుంది. ఆ డీసీని ఒక ట్రాన్సిస్టర్ సెకనుకి పదుల వేల నుంచి లక్షల సార్లు తెరుస్తూ మూస్తూ, బొటనవేలి గోరంత ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ముక్కలు ముక్కలుగా పంపుతుంది. అవతల ఫోన్ వైపు ఎంత వోల్టేజీ వస్తోందో ఇంకో సర్క్యూట్ కనిపెడుతూ ఉంటుంది. కాస్త తగ్గితే ఆ ట్రాన్సిస్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచమంటుంది, పెరిగితే తక్కువసేపు. కాలవ నిండుగా పారేటప్పుడు తూము షట్టర్ కొంచెమే ఎత్తి, నీళ్లు తగ్గినప్పుడు ఇంకాస్త ఎత్తి, పొలానికి మాత్రం ఒకే పారకం ఇచ్చే పద్ధతి ఇది. మొదటి మెట్టులోనే కరెంటు డీసీ అయిపోతుంది కాబట్టి 50 హెర్ట్జా, 60 హెర్ట్జా అన్న తేడా దీనికి పట్టదు.

ఈ సర్దుబాటు కిందివైపుకే ఎక్కువ. పైవైపు దాని ఓర్పు చాలా తక్కువ. వీధిలో న్యూట్రల్ వైరు తెగినప్పుడు కొన్ని ఇళ్లలోకి 230కి బదులు 400 దాకా వచ్చేస్తుంది. టీవీలు, సెట్‌టాప్ బాక్సులు, ఛార్జర్లు వరసగా కాలిపోయేది అప్పుడే. ఎక్కువ వోల్టేజీ దేశపు వస్తువుని తక్కువ వోల్టేజీలో పెడితే మామూలుగా పనిచేయకుండా ఊరుకుంటుంది. తక్కువ వోల్టేజీ దేశపు వస్తువుని ఎక్కువలో పెడితే కాలుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుంటే చాలా వస్తువులు దక్కుతాయి.

ఇన్ని రకాలు ఎక్కడి నుంచి వచ్చాయి

ముత్తుకూరు మండలం నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో టర్బైన్లు నిమిషానికి 3000 సార్లు తిరుగుతాయి. సెకనుకి 50 చుట్లన్నమాట, అదే మన 50 హెర్ట్జ్. అమెరికాలో అలాంటి టర్బైన్లే 3600 చుట్లు తిరుగుతాయి. ఈ చీలిక 19వ శతాబ్దం చివర మొదలైంది. ఎడిసన్ 1882లో న్యూయార్క్‌లో కరెంటు అమ్మడం మొదలుపెట్టినప్పుడు అప్పటి బల్బులకు సరిపడేలా 110 వోల్టుల ప్రాంతంలో పెట్టుకున్నాడు. తర్వాత ఏసీ వచ్చినా అమెరికా ఆ స్థాయిని వదల్లేదు, 60 హెర్ట్జ్ దానికి తోడైంది. జర్మనీలో ఏఈజీ కంపెనీ 50 హెర్ట్జ్‌ని నిలబెట్టింది. ఐరోపా క్రమంగా 220 వోల్టులకు, ఆ తర్వాత ఇప్పటి 230కి వెళ్లింది. వోల్టేజీ రెట్టింపయితే అదే పనికి కరెంటు సగం చాలు, సన్నటి రాగి తీగ సరిపోతుంది. జపాన్ అయితే 1890ల్లో టోక్యోకి జర్మనీ జనరేటర్లు, ఒసాకాకి అమెరికా జనరేటర్లు తెప్పించుకుంది. ఇప్పటికీ ఆ దేశం తూర్పున 50 హెర్ట్జ్‌తో, పడమర 60 హెర్ట్జ్‌తో నడుస్తోంది. 2011 భూకంపం తర్వాత తూర్పున కరెంటు కరువైనప్పుడు పడమర నుంచి తగినంత తెచ్చుకోవడానికి ఈ తేడా పెద్ద అడ్డంకి అయింది.

మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు బ్రిటన్ నుంచి వచ్చింది. అక్కడ 1934లో ప్రమాణంగా ప్రకటించిన ప్లగ్గు అది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రాగి పొదుపు కోసం బ్రిటన్ ఇళ్ల వైరింగ్ పద్ధతినే మార్చుకుని, 1947లో బల్లపరుపు మూడు పిన్నుల ప్లగ్గు తెచ్చుకుంది. మనం పాతదాన్నే ఉంచుకున్నాం. అందుకే లండన్‌లో దిగిన మనిషికి వోల్టేజీ సరిపోతుంది, ప్లగ్గు మాత్రం దూరదు.

గల్ఫ్ సాకెట్టూ పెన్ను రీఫిలూ

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతాల నుంచి కువైట్, ఖతార్, దుబాయ్, సౌదీలకు పనులకు వెళ్లేవాళ్లు ఏళ్లుగా ఉన్నారు. ఆ దేశాల్లో ఎక్కువగా కనబడేది ఈ బ్రిటిష్ సాకెట్టే, అంతర్జాతీయ పట్టికలో దాని పేరు టైప్ జి. సింగపూర్, మలేషియా, హాంకాంగ్‌లలోనూ ఇదే. దాంట్లో మన రెండు పిన్నుల ఛార్జర్ పెట్టబోతే కింది రంధ్రాలు రెండూ మూసుకుని ఉంటాయి. పైనున్న ఎర్త్ రంధ్రంలోకి ఎర్త్ పిన్ను వెళ్తేనే లోపలి ప్లాస్టిక్ తలుపులు పక్కకి జరిగేలా చేశారు. పిల్లలు వేలో మేకో పెట్టకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. ముందే అక్కడున్న బంధువు ఫోన్‌లో చెప్పే చిట్కా ఒకటుంది: "ఏం లేదు నాయనా, పైన బొక్కలో పెన్నుతో నొక్కి పట్టు, పిన్ను దూరిపోద్ది." నిజంగానే దూరిపోతుంది, ఛార్జింగ్ కూడా ఎక్కుతుంది. అందుకే ఆ చిట్కా ఒకరి నుంచి ఒకరికి పోతూ ఉంది.

దాంట్లో ప్రమాదం మూడు చోట్ల ఉంది. లోపలి రేకులు బల్లపరుపు పిన్నుని అన్నివైపులా పట్టుకునేలా చేసినవి. గుండ్రటి పిన్ను వాటికి ఒకటి రెండు గీతల దగ్గరే ఆనుతుంది. అలా వదులుగా ఆనిన చోట వేడి పుడుతుంది, చిటచిటమని నిప్పురవ్వలు వస్తాయి, కొన్నాళ్లకు సాకెట్టు మూతి గోధుమ రంగుకి తిరుగుతుంది. రెండోది, మన పిన్నుతో సాగిన రేకులు ఆ తర్వాత అసలు ప్లగ్గుని కూడా గట్టిగా పట్టుకోవు. మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది. బ్రిటిష్ ప్లగ్గు లోపల 3 లేదా 13 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. బ్రిటన్ ఇళ్లలో సాకెట్ల లైనుకి 32 ఆంపియర్ల బ్రేకర్ పెట్టడం సాధారణం, వైరుని కాపాడే బాధ్యత ప్లగ్గులోని ఫ్యూజుది. పెన్నుతో నొక్కి మన సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బోర్డు పెడితే ఆ ఫ్యూజు దారిలోనే ఉండదు. గదిలో నలుగురైదుగురు ఉండి, ఒకే బోర్డు మీద ఫోన్లు, కెటిల్, ఇస్త్రీ పెట్టె నడిపితే వైరు వేడెక్కి కరిగేదాకా బ్రేకర్ పడకపోవచ్చు. ఫ్యూజు ఉన్న టైప్ జి అడాప్టర్‌కి గానీ, అక్కడే కొనుక్కునే బోర్డుకి గానీ పెద్ద ఖర్చు కాదు. ఊరికి పంపే డబ్బులో అదో లెక్కలోకి రాదు. మొదటి రోజే ఆ పని చేసుకోవాలని అక్కడికి వెళ్లేవాళ్లకు గట్టిగా చెప్పాలి.

సౌదీ గురించి విడిగా ఒక మాట. గల్ఫ్ దేశాలన్నీ 50 హెర్ట్జ్ అయితే సౌదీ ఒక్కటి 60. పైగా పాత ఇళ్లలో 127 వోల్టులు, 220 వోల్టులు రెండు రకాల సాకెట్లూ ఉండేవి, ఇప్పుడు 230కి మారుస్తున్నారు. పాత గదిలో దిగితే ఏ సాకెట్ ఏదో ముందున్నవాళ్లని అడిగే వాడాలి. ఫోన్ ఛార్జర్‌కి తేడా లేదు, మిగతావాటికి ఉంది.

ఐరోపాలో మన ఫోన్ ఛార్జర్ల సన్నటి రెండు పిన్నులు చాలాచోట్ల అలాగే దూరతాయి. అయితే జర్మనీ సాకెట్ గోడలోకి గుండ్రంగా గుంటపడి ఉంటుంది. వెడల్పాటి ఛార్జర్ల ఒళ్లు ఆ గుంటలోకి దిగదు, పిన్ను అందదు. మన మూడు పిన్నుల ప్లగ్గయితే అసలే దూరదు. ఆస్ట్రేలియాలో ఏటవాలు రేకుల ప్లగ్గు, వోల్టేజీ మనదే. నేపాల్‌లో మన ప్లగ్గులే ఎక్కువ నడుస్తాయి.

మూడో పిన్ను విలువ

ల్యాప్‌టాప్ ఒళ్లు లోహందయితే, ఛార్జింగ్ పెట్టి మీద చెయ్యి ఆనిస్తే ఒక్కోసారి జివ్వుమంటుంది. చీమలు పాకినట్టు సన్నగా ఉంటుంది. అది ఛార్జర్ చెడిపోవడం వల్ల రాదు. గోడ వైపు నుంచి ల్యాప్‌టాప్ వైపుకి రేడియో గోల (అనవసరపు విద్యుత్ అలలు) రాకుండా లోపల పెట్టే చిన్న కెపాసిటర్ గుండా అతి కొద్ది కరెంటు ఇటు చేరుతుంది. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే ముట్టుకున్న మనిషి ద్వారా దారి వెతుక్కుంటుంది. మంచి ఛార్జర్‌లో అది ప్రాణం తీసేంత ఉండదు. అయినా అలా జివ్వుమందంటే ఎర్త్ కలవలేదనే అర్థం.

విదేశాల్లో ఇది ఎక్కువగా కనబడడానికి కారణం ‘యూనివర్సల్’ అడాప్టర్లు. అన్ని దేశాల పిన్నులూ లోపలికి బయటికి జరిగే ఆ నల్లటి డబ్బాల్లో చాలావాటికి మూడో రంధ్రం ఉంటుంది గానీ లోపల దానికి రేకేమీ కలపరు. మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ప్లగ్గు అందులో చక్కగా కూర్చుంటుంది, ఎర్త్ మాత్రం ఎక్కడా చేరదు. ఫోన్ ఛార్జర్‌కి ఎర్త్ అక్కర్లేదు కాబట్టి దానికి ఫర్వాలేదు. ఇస్త్రీ పెట్టె, కుక్కర్ లాంటి లోహపు వస్తువులు అలాంటి డబ్బాతో వాడడం మాత్రం తప్పు.

అమెరికాకి వెళ్లేవాళ్లకి ఇక్కడ ఒక సులువు ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లకు నల్లటి ఇటుక లాంటి ఛార్జర్ వేరుగా, గోడకి పెట్టే వైరు వేరుగా వస్తాయి. రెండూ కలిసే చోట మూడు గుండ్రాలు అతికినట్టున్న మూతో, ఎనిమిది అంకె ఆకారపు మూతో ఉంటుంది. అది అంతర్జాతీయ కొలత. అక్కడికి వెళ్లాక ఆ వైరు ఒక్కటి కొనుక్కుంటే అడాప్టర్ అవసరమే ఉండదు, మూడు గుండ్రాల మూతి అయితే ఎర్త్ కూడా సరిగ్గా కలుస్తుంది. ఇంత చిన్న విషయం తెలియక ఏళ్ల తరబడి వదులు అడాప్టర్లతో నెట్టుకొచ్చేవాళ్లు ఎందరో.

జపాన్‌లో ఇళ్ల సాకెట్లు ఎక్కువగా రెండు రేకులవే. అమెరికా కోసం కొన్న మూడు పిన్నుల వైరు అక్కడ దూరదు. ఒక రేకు వెడల్పుగా ఉండే అమెరికా ప్లగ్గులు కూడా కొన్ని పాత సాకెట్లలో పట్టవు.

ఒకే అడాప్టర్‌కి మన ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి, దాని మీద అన్ని మన ప్లగ్గులూ పెట్టుకునే ఉపాయం అమెరికా వెళ్లే పిల్లల్లో బాగా నడుస్తుంది. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల వరకూ అది బాగానే పనిచేస్తుంది. మన 6 ఆంపియర్ల బోర్డు ఇక్కడ 1380 వాట్లు మోస్తుంది, 120 వోల్టుల దగ్గర అదే బోర్డు మోసేది 720 వాట్లే. అక్కడ కొన్న కుక్కర్ని దీని మీద పెట్టకూడదు. చాలా యూనివర్సిటీ హాస్టళ్లు ఇలాంటి బోర్డుల్ని రానివ్వవు కూడా.

మిక్సీ, కుక్కర్, నెబ్యులైజర్

సూట్‌కేసులో గోంగూర పచ్చడి పక్కన చోటు చేసుకుని మిక్సీ కూడా వెళ్తుంది. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. వేడి చేసే వస్తువు ఇచ్చే శక్తి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. 230 వోల్టులకు 700 వాట్లు ఇచ్చే కుక్కర్ 120 వోల్టుల దగ్గర 190 వాట్లే ఇస్తుంది. వోల్టేజీ సగానికి దిగితే వేడి నాలుగో వంతుకి దిగుతుంది. బియ్యం నానుతాయి, అన్నం ఉడకదు. కుక్కర్, ఇస్త్రీ పెట్టె, కెటిల్ అమెరికాలో సరసంగానే దొరుకుతాయి కాబట్టి వాటిని మోసుకెళ్లడంలో అర్థం లేదు.

మిక్సీ సంగతి వేరు. కొబ్బరి చట్నీకి, దోసెల పిండికి అక్కడి బ్లెండర్ తృప్తినివ్వదు. మిక్సీలో ఉండేది కార్బన్ బ్రష్‌లతో తిరిగే మోటారు, దానికి 50, 60 తేడా లేదు గానీ వోల్టేజీ కావాలి. 120ని 230కి పెంచే స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే తిరుగుతుంది. మిక్సీ మీద 750 వాట్లు అని ఉందని 750 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ కొంటే సరిపోదు. మోటారు మొదలయ్యేటప్పుడు ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, అందుకే కనీసం రెట్టింపు సామర్థ్యమున్నది చూసుకోవాలి. అది కిలోల కొద్దీ బరువుంటుంది. ఇవన్నీ లెక్కేసుకుంటే మన కంపెనీలే అమెరికా కోసం చేసే 110 వోల్టుల మిక్సీ కొనుక్కోవడం మేలు.

టేబుల్ టాప్ వెట్ గ్రైండరుతో ఇంకో చిక్కు ఉంది. దాంట్లో ఉండేది ఇండక్షన్ మోటారు, ఫ్యాను రకం. దాని వేగాన్ని హెర్ట్జ్ నిర్ణయిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని సరిచేస్తుంది గానీ 60 హెర్ట్జ్‌ని 50 చేయలేదు. రాళ్లు ఐదో వంతు ఎక్కువ వేగంతో తిరుగుతాయి, మోటారు బలం తగ్గుతుంది, పిండి నిండా వేస్తే వేడెక్కుతుంది. దీనికీ 110 వోల్టులు, 60 హెర్ట్జ్ మోడలే సరైనది.

పిల్లల దగ్గర కొన్ని నెలలు ఉండి రావడానికి వెళ్లే పెద్దవాళ్ల సామానులో నెబ్యులైజర్ ఉంటే దాన్ని ముందుగా చూడాలి. గుర్రుమని శబ్దం చేసే కంప్రెసర్ రకం నెబ్యులైజర్లు సాధారణంగా ఒకే వోల్టేజీకి, ఒకే హెర్ట్జ్‌కి చేసినవి. నెల్లూరు పొగతోటలో కొన్నదాని వెనక 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉంటే, అడాప్టర్‌తో అమెరికాలో పెట్టినప్పుడు గాలి సరిపడా రాదు, మందు పొగలా లేవదు. ఆయాసం వచ్చిన అర్ధరాత్రి ఆ సంగతి తెలియకూడదు. బ్యాటరీతోనో యూఎస్‌బీతోనో నడిచే, సన్న జల్లెడ గుండా మందుని చిమ్మే మెష్ రకం దీనికి మంచి దారి, డాక్టరుని అడిగి వెళ్లే ముందే ఇంట్లో వాడి చూసుకోవాలి. నిద్రలో శ్వాస కోసం వాడే సీపాప్ మిషన్ల పవర్ అడాప్టర్లు ఎక్కువగా 100-240 వోల్టులవే అయినా, అక్షరాలు చదివి నిర్ధారించుకోవాలి.

ఒక్క టైప్-సి ఛార్జర్‌తో

ఈ మధ్య కాలంలో పని బాగా తేలికయింది. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లు, ట్యాబ్‌లు, ఇయర్‌ఫోన్లన్నిటికీ యూఎస్‌బీ టైప్-సి తప్పనిసరి చేసింది. ల్యాప్‌టాప్‌లకు ఆ గడువు 2026 ఏప్రిల్ 28. టైప్-సిలో ‘పవర్ డెలివరీ’ అనే పద్ధతిలో ఛార్జరూ వస్తువూ ముందుగా మాట్లాడుకుని ఎన్ని వోల్టులు కావాలో తేల్చుకుంటాయి. మొదట్లో 100 వాట్ల వరకే ఉండేది, 2021లో 240 వాట్ల దాకా పెంచారు. 65 వాట్ల ఛార్జర్ ఒకటి మామూలు ల్యాప్‌టాప్‌కీ, ఫోన్‌కీ, ఇయర్‌ఫోన్లకీ సరిపోతుంది. అప్పుడు మోయాల్సింది ఒక ఛార్జరు, మార్చాల్సింది ఒక ప్లగ్గు. ఏ దేశం వెళ్తే ఆ దేశం పిన్నుతోనే ఒకటి కొనుక్కుంటే అడాప్టర్ కూడా అక్కర్లేదు. కేబుల్ మాత్రం చూసుకోవాలి. మామూలు టైప్-సి కేబుల్ 60 వాట్ల వరకే ఇస్తుంది, అంతకు మించి కావాలంటే లోపల చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ ఉండాలి.

బస్టాండ్ దగ్గర వందకీ నూటయాభైకీ దొరికే పేరులేని ఛార్జర్ మీద 100-240 అని అచ్చేసి ఉన్నా దాన్ని నమ్మి పట్టుకెళ్లడం మంచిది కాదు. అచ్చు వేయడానికి ఖర్చేమీ కాదు. మంచి ఛార్జర్‌లో గోడ కరెంటు భాగానికీ, ఫోన్ వైపు భాగానికీ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్లకి గట్టి ఇన్సులేషన్ చుడతారు. నాసిరకందాంట్లో ఆదా చేసేది సరిగ్గా అక్కడే. అది తెగితే గోడ కరెంటు నేరుగా చేతిలోని ఫోన్‌కి వస్తుంది. మన దేశంలో అమ్మే ఛార్జర్ మీద భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, దాని పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అది లేనిది ఊళ్లో కూడా వద్దు.

పవర్ బ్యాంకు ఎప్పుడూ చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టనివ్వరు. మామూలుగా 100 వాట్ అవర్ల (బ్యాటరీలో నిల్వ ఉండే శక్తి కొలత) వరకూ అనుమతి. 20,000 ఎంఏహెచ్ బ్యాంకు 74 వాట్ అవర్లే కాబట్టి దానికి అభ్యంతరం ఉండదు. చెన్నై విమానాశ్రయంలో లగేజీ ఇచ్చేశాక గుర్తొస్తే సూట్‌కేసుని మళ్లీ వెనక్కి తెప్పించి తెరవాల్సి వస్తుంది.

అటు నుంచి ఇటు వచ్చేవి

తిరిగి వచ్చేటప్పుడు ప్రమాదం దిశ మారుతుంది. అమెరికాలో కొన్న ఫోన్, ల్యాప్‌టాప్, కెమెరా ఛార్జర్లు ఇక్కడ మామూలుగా పనిచేస్తాయి. హెయిర్ స్ట్రెయిట్‌నర్, కాఫీ మేకర్, కరెంటు ప్రెషర్ కుక్కర్, ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ పెట్టే స్టాండు, పాల సీసా వేడి చేసే డబ్బా లాంటివాటిలో చాలావరకు 120 వోల్టులవే. 120 వోల్టులకు 1000 వాట్లు తీసుకునే కాఫీ మేకర్ ఇక్కడ 230లో పెడితే ఆ క్షణంలో 3600 వాట్లకు పైగా లాగుతుంది. కాయిల్ తెగడమో, ఫ్యూజు పోవడమో, పొగ రావడమో ఏదో ఒకటి సెకన్లలో జరుగుతుంది. అక్కడి స్పైక్ బస్టర్ బోర్డు కూడా తేవద్దు. వోల్టేజీ ఎగిసినప్పుడు అడ్డుకోడానికి అందులో పెట్టే బిళ్లలు 120 వోల్టుల లెక్కకి చేసినవి. మన మామూలు 230 వోల్టులనే అవి ఎగసిన కరెంటుగా భావించి, దాన్ని మింగబోయి మాడిపోతాయి, ఒక్కోసారి మంట కూడా వస్తుంది. కొన్ని హెయిర్ డ్రయ్యర్ల పిడి మీద నాణెంతో తిప్పే 115/230 స్విచ్చి ఉంటుంది, ప్లగ్గు పెట్టకముందే దాన్ని తిప్పుకోవాలి.

అలాంటి వస్తువుని వాడి తీరాలంటే 230ని 120కి దించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ప్రయాణికుల కోసమని అమ్మే తేలికపాటి ‘కన్వర్టర్లు’ కొన్ని ఉన్నాయి, వెయ్యి రెండు వేల వాట్లు అని రాసి ఉంటుంది, బరువు మాత్రం అరకిలో కూడా ఉండదు. అవి కరెంటు అలని మధ్యలో కోసి సగటు తగ్గిస్తాయంతే. వేడి చేసే వస్తువుకి కాసేపటి వరకూ పనికొస్తాయి. బోర్డూ, మోటారూ, డిస్‌ప్లే ఉన్నదేదైనా వాటికి తగిలిస్తే పాడవుతుంది. టూత్‌బ్రష్ స్టాండు లాంటి చిన్నవాటికి 50, 100 వాట్ల అసలైన ట్రాన్స్‌ఫార్మర్ చాలు. ఆ పైన వాట్లున్న వంటింటి సామాన్లకు ట్రాన్స్‌ఫార్మర్ ఖరీదు, బరువు లెక్కేస్తే వాటిని అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రావడమే నయం.